తరవాణి కుండ

సోమవారం పదకొండున్నరకి విశాలి స్టాండు పైకెత్తి కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుంది. ఎనిమిది టెస్ట్ ట్యూబులు. ఎనిమిదింటిలోనూ ఊదారంగు అలాగే నిలిచి ఉంది. నేరేడుపళ్ళు తిన్న నాలుక రంగు.

గలిజేరాకు సారం ఒక్క చుక్క పడి అరగంట గడిస్తే ఆ ఊదా విరగాలి. విరిగి, ఎండుగడ్డి లాంటి లేత పసుపులోకి దిగాలి. ఆకులో ఒంటికి మేలు చేసే పాలీఫినాళ్ళు ఎంత ఎక్కువుంటే రంగు అంత తొందరగా దిగుతుంది. పరీక్ష అంతే. రెండేళ్ళుగా, రెండు బ్యాచీల ఆకుతో విశాలి ఆ పరీక్ష వందసార్లకి పైనే చేసింది. ప్రతిసారీ దిగింది. ఈ మూడో బ్యాచి మాత్రం ఇప్పటికి మూడుసార్లు చేసినా దిగలేదు.

"ఏటి విశాలీ, ఇవాళ కూడా నేరేడుపళ్ళ కొట్టేనా?" అన్నాడు మోహనకృష్ణ, పక్క బల్ల దగ్గర గాజు సామాను కడుగుతూ. అతను ల్యాబ్ టెక్నీషియను. నరసన్నపేట నుంచి రోజూ బండి మీద వస్తాడు. ఎవరి కష్టాన్నయినా ముందు ఒక వెటకారంతో తడిమి, తర్వాతే సాయానికొస్తాడు.

"నువ్వు కడిగిన గొట్టాల్లో సబ్బు మిగిలిపోతందేమో చూసుకో ముందు" అంది విశాలి.

"సబ్బు మీదకి తోసీ. ఆకు మీదకి తోస్తే ఆకు ఊరుకోదు, సార్ మీదకి తోస్తే సార్ ఊరుకోడు. సబ్బైతే నోరు లేని మడిసి."

ఆమె నవ్వలేదు. వచ్చే వారం బుధవారం విశాఖపట్నం నుంచి కమిటీ వస్తుంది. వాళ్ళు బాగుందంటే ఈ పని ఇంకో రెండేళ్ళు సాగుతుంది, ఆమె పీహెచ్‌డీ పూర్తవుతుంది. లేదంటే రెండేళ్ళు రాసిన పుస్తకాలు అట్టపెట్టెలో కట్టుకుని ఇంటికి పోవాలి. వాళ్ళ ఊరి బడిలో చదివి ఇంతదాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. అట్టపెట్టెతో ఊరి బస్సు దిగితే ఎవరు ఏమంటారో కూడా ఆమెకి తెలుసు.

ఆమె గైడు చంద్రశేఖరం గారు వస్తున్నారని వరండాలోంచి కూనిరాగం ముందుగా చెప్పింది. వాళ్ళది తరతరాలుగా సంగీతం చెప్పిన ఇల్లు. ఆయన మందుల శాస్త్రంలోకి వచ్చారు గానీ రాగం వెంటే వచ్చింది. పని బాగా జరుగుతున్నంతసేపూ ల్యాబ్‌లో అది సన్నగా వినిపిస్తూనే ఉంటుంది.

ఆయన స్టాండు చూశారు. రాగం ఆగింది.

"కోసిన చోటు మారిందా?"

"లేదండి. జగ్గమ్మ ఎప్పుడూ కోసే గట్టే. ఆవిడే దగ్గరుండి చూపించింది. ఫొటోలు కూడా ఉన్నాయి."

ఈసారి ఆకు పరిశోధన చేసేవాళ్ళే స్వయంగా కోయాలని కమిటీ రాసింది. అందుకే విశాలి తనే వెళ్ళి, వంశధార ఒడ్డున చేల గట్ల మీద వంగి వంగి కోసుకొచ్చింది. అంతకుముందు రెండుసార్లూ జగ్గమ్మే కోసి, ఆరబెట్టి, గోనెసంచుల్లో తెచ్చి ఇచ్చేది. జగ్గమ్మ ఈ ల్యాబ్‌లో ఊడ్చి తుడిచే మనిషి. ఏ గట్టున ఏ ఆకుందో ఆమెకి తెలుసని చంద్రశేఖరం గారే ఆ పని పురమాయించారు.

"ఎండబెట్టింది?"

"నేనేనండి. ట్రే డ్రయ్యర్‌లో, నలభై డిగ్రీల దగ్గర. పద్ధతిలో ఎలా ఉందో అలాగే."

"ముందు రెండు బ్యాచీలు?"

"జగ్గమ్మ ఇంట్లోనే నీడన ఆరబెట్టిందండి."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. "అయితే తేడా ఆకులో లేదు. మనుషుల్లో ఉంది. అడుగు" అన్నారు.

ఆయన వెళ్ళాక విశాలి బీరువా తీసి, మొదటి బ్యాచిలో దాచి ఉంచిన పొడి సీసా మూత తిప్పింది. అడుగున చారెడు పొడి మిగిలి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నటి పులుపు వాసన. ఆ వాసన ఆమెకి కొత్త కాదు. జగ్గమ్మ సంచి విప్పినప్పుడల్లా వచ్చేది. జగ్గమ్మ చీర వాసన అనుకునేది. ఆ అనుకున్న మాటని ఎవరితోనూ అనలేదు గానీ, అనుకోవడం మాత్రం నిజం. ఇప్పుడు సీసా చేతిలో పట్టుకుని నిలబడితే చెవులు వేడెక్కాయి.

మరునాడు జగ్గమ్మ తడిగుడ్డతో ల్యాబ్ తుడుస్తుంటే విశాలి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. జగ్గమ్మకి అరవై దాటి ఉంటాయి. గుడ్డ పిండేటప్పుడు మూడు మెలికలు వేస్తుంది, ఒక్క చుక్క మిగలనివ్వదు. గాజు సామాను ఉన్న బల్లల కింద తుడిచేటప్పుడు ఒళ్ళు ముడుచుకుని, కొంగు నోట కరుచుకుంటుంది, ఎక్కడ తగులుతుందోనని.

"అత్తా, నువ్వు గలిజేరు ఆరబెట్టేదానివి కదా. ఎలా ఆరబెట్టేదానివి?"

"ఎలగేటి పాపా? నీడనే. ఎండలో ఏస్తే ఆకు సచ్చిపోద్ది."

"కోసి, కడిగి, ఆరబెట్టీడమేనా?"

"కడిగి, నానేసి."

విశాలి చేతిలో పెన్ను ఆగింది. "దేంట్లో?"

"తరవాణిలో. పొద్దుటేల ఏస్తే మాపటేలకి తీసి ఆరేస్తాను." గుడ్డ మళ్ళీ బకెట్టులో ముంచుతూ, తెలియని పిల్లకి చెప్తున్నట్టు చెప్పింది. "గలిజేరుకి జిల ఉంటాది గదా. పచ్చాకు అలగే ఎండేస్తే గొంతు దురద పెట్టి సంపీస్తాది. తరవాణిలో ఓ పూట ఉంటే జిల పోద్ది. మా అత్త అలగే సేసీది."

తరవాణి అంటే విశాలికి ఎవరూ చెప్పనక్కరలేదు. అన్నం వార్చిన గంజీ, కడుగునీళ్ళూ రోజూ కాసిన్ని పోస్తూ, కాసిన్ని తీస్తూ, కుండలో పులియబెట్టే నీళ్ళు. వాళ్ళ అమ్మమ్మ ఇంట్లోనూ ఉండేది. గేసు పొయ్యి వచ్చాక ఆ మూల ఖాళీ అయింది.

"నానేస్తావని మాకు చెప్పలేదేం అత్తా?"

"మీరు అడగనేదు గదా!" జగ్గమ్మ నవ్వింది. "అయినా ఇదేటి సెప్పుకునే ఇసయమా? మందు గదా, మడుసులు తింటారు గదా. గొంతు జిల పెడితే పాపం మనకే గదా సుట్టుకుంటాది."

తుడవడం అయిపోయాక బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది. విశాలి ల్యాబ్ పుస్తకం తెరిచింది. రెండేళ్ళ క్రితం మొదటి పేజీలో తన చేత్తోనే రాసుకుంది: ఆకులను శుభ్రమైన నీటితో కడిగి నీడన ఆరబెట్టడమైనది. ఆ వాక్యం అబద్ధమని అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఆమె కింద ఆ రోజు తేదీ వేసి రాసింది: 'మొదటి, రెండవ బ్యాచీల ఆకు కల్తీ అయినది. సేకరించిన వ్యక్తి పులిసిన గంజినీటిలో నానబెట్టినట్లు తెలిపినది.'

కల్తీ అన్న మాట రాసేటప్పుడు పెన్ను ఎక్కడా ఆగలేదు. శాస్త్రంలో ఆ మాటకి కోపం లేదు, తాపం లేదు. అనుకున్నది కాకుండా ఇంకేదైనా కలిస్తే కల్తీ. అంతే.

ఆ పుస్తకమే పట్టుకెళ్ళి చంద్రశేఖరం గారి బల్ల మీద పెట్టింది.

బుధవారం పొద్దున్న జగ్గమ్మ చీపురు కంటే ముందు ఒక స్టీలు క్యాను పట్టుకొచ్చింది. సార్ పిలుస్తున్నారని మోహనకృష్ణ ముందురోజు సాయంత్రం చెప్పాడు. దేనికో చెప్పలేదు. నానబెట్టే నీళ్ళ గురించని ఆమే ఊహించుకుని, చూపిద్దామని తెచ్చింది. క్యాను మూతకి గుడ్డ కట్టి ఉంది, తొణక్కుండా.

"సూడండి బాబూ, మంచి తరవాణి. పులుపు గట్టిగా ఉన్నాది. పురుగూ పుట్రా ఏటీ నేదు" అంటూ గుడ్డ విప్పబోయింది.

చంద్రశేఖరం గారు కుర్చీ వెనక్కి జరిపారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. రెండేళ్ళ పని చేతుల్లోంచి జారుతుంటే ఆ రోజు పెంచారు.

"ఇదా? ఈ మురుగు నీళ్ళా నువ్వు రెండేళ్ళ నుంచీ మా ఆకులో కలుపుతున్నది? దీన్ని మళ్ళీ ల్యాబ్‌లోకి తెచ్చావా?"

"కలపనేదు బాబూ. నానేసినాను."

"ఏం చేశావో నీకు తెలుసా? మందులో ఇలాంటివి పడితే మనుషుల ప్రాణాలు పోతాయి. తెలుసా?"

క్యాను పట్టుకున్న జగ్గమ్మ వేళ్ళు గుడ్డ ముడి మీద అలాగే ఉండిపోయాయి. అప్పుడు తల తిప్పి విశాలి వైపు చూసింది, ఒక్కసారి. అడుగుతున్నట్టు. నిజమేనా పాపా అన్నట్టు.

విశాలి పుస్తకం గుండెలకి ఆనించుకుని నిలబడి ఉంది. ప్రాణాలు పోవడం ఏమిటి సార్, ఆ పొడి ఎవరూ తినలేదు కదా అన్న మాట గొంతు దాకా వచ్చింది. కమిటీ వచ్చే రోజు దగ్గరపడింది. సార్ మొహం కందిపోయి ఉంది. ఆమె తల దించుకుంది.

"రేపట్నుంచి ల్యాబ్ వైపు రాకు. మెట్లూ వరండా తుడువు, చాలు" అన్నారాయన.

జగ్గమ్మ క్యాను అక్కడే గోడవార పెట్టి, చీపురు తీసుకుని, మెట్ల వైపు వెళ్ళింది. ఆ రోజు మెట్లు తుడిచింది. గురువారం రాలేదు.

క్యానుని ఎవరూ ముట్టుకోలేదు. ఆ బుధవారం మధ్యాహ్నమే దాన్ని సింకులో ఒంపేద్దామని విశాలి గుడ్డ విప్పింది. పులుపు వాసన ఒక్కసారిగా మొహానికి తగిలింది. అమ్మమ్మ ఇంట్లో నీళ్ళ మూల, వేసవిలో చేలో కలుపుకి వెళ్ళొచ్చిన వాళ్ళు చెంబుల్లో పోసుకుని ఉప్పుగల్లు వేసుకుని తాగడం గుర్తొచ్చాయి. తాగినవాళ్ళెవరూ చావలేదు.

ఆమె ఒంపలేదు.

ఫ్రిజ్‌లో మూడో బ్యాచి పచ్చాకు ఇంకొంత ఉంది. దాన్ని తూచి రెండు సమభాగాలు చేసింది. ఒక భాగం మంచినీళ్ళలో, రెండో భాగం తరవాణిలో వేసింది. మూడో పాత్రలో ఆకు లేకుండా ఉత్త తరవాణి పోసింది. తరవాణే రంగు విరిచేస్తుంటే ఆకు గొప్ప ఏమీ ఉండదు కదా. అది కూడా తెలియాలి. మూడింటికీ చీటీలు అంటించింది. క్యాను ఖాళీ అయింది.

"కల్తీ నీళ్ళతో కాపురం మొదలెట్టావా?" అన్నాడు మోహనకృష్ణ, దగ్గరికొచ్చి వాసన చూస్తూ. ఆ తర్వాత వెటకారం వదిలేసి, "సార్‌కి తెలిస్తే?" అన్నాడు.

"ఏదో ఒకటి తెలియాలి కదా" అంది విశాలి.

రాత్రికి ఆకు తీసి, నానిన నీళ్ళు ఒంపేసి, ఉత్త తరవాణిని మరిగించి ఇగిర్చింది. గురువారం, శుక్రవారం ఆకు ఆరింది. రోట్లో మెత్తగా నూరి, ఫిల్టరు కాగితం పొట్లాల్లో కట్టి, సారం తీసే సాక్స్‌లెట్ గొట్టాల్లో దింపింది. కింద స్పిరిటు మరుగుతుంది. ఆవిరి పైకెక్కి, చల్లబడి, చుక్కచుక్కగా పొట్లం మీద పడుతుంది. గొట్టం నిండగానే ఒక్క గుటకలో కిందకి దిగిపోతుంది. మళ్ళీ నిండుతుంది. ఆ గుటకలు లెక్కపెడుతూ కూర్చోవడం ఆమెకి ఇష్టం. ఈసారి లెక్క మధ్యలో తప్పిపోతూనే ఉంది. కిటికీలోంచి చూస్తే మెట్ల దగ్గర ఎవరూ లేరు. ఎండుటాకులు పై మెట్టు దాకా వచ్చి ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం ఊదా ద్రావణంలో చుక్కలు వేసి గడియారం పెట్టింది. మంచినీళ్ళలో నానిన ఆకు: ఊదా. ఉత్త తరవాణి: ఊదా, అంచున కాస్త వెలిసినట్టు. తరవాణిలో నానిన ఆకు: ఇరవై నిమిషాలకే పసుపు.

మళ్ళీ చేసింది. పసుపు. మళ్ళీ. పసుపు.

ఆకులో మేలు ఉంది. గట్టి పెంకులో పప్పులా, గలిజేరులోని మంచి అంతా ఏదో పీచుకి అంటుకుని లోపల బిగిసి ఉంది. తరవాణిలో పులుపు, ఆ పులుపుని పుట్టించే సూక్ష్మజీవులు, ఒక పూటలో దాన్ని విప్పుతున్నాయి. జిల పోవడానికని జగ్గమ్మ అత్త కనిపెట్టిన పని. ఆ జిలతో పాటు పెంకు కూడా పోతోంది.

చంద్రశేఖరం గారు మూడు ట్యూబులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆయన పెదవుల మీద రాగం తిరిగొచ్చింది, మెల్లగా, ఎక్కడ ఆగిందో అక్కడ నుంచే.

"బ్రహ్మాండం" అన్నారు. "ఇది మామూలు ఆకు సారం కంటే పెద్ద విషయం. పులియబెట్టడం, సహజ కిణ్వన పద్ధతి. రాసుకో విశాలీ: గలిజేరులోని పాలీఫినాళ్ళను విడుదల చేయడానికి మా ప్రయోగశాల ఒక నూతన పద్ధతిని రూపొందించింది..."

పెన్ను 'మా ప్రయోగశాల' దగ్గర ఆగింది. "సార్, జగ్గమ్మ..."

"అవును, ఆవిడ్ని పిలిపించు. ఆ నీళ్ళు ఇంకా కావాలి. కమిటీ ఎదుట చేసి చూపించాలి, బుధవారానికి కనీసం అయిదు లీటర్లు. కోపంలో ఏదో అన్నాను, మనసులో పెట్టుకోవద్దని చెప్పు."

"పద్ధతి ఆవిడది కదండి. ఆవిడ పేరు..."

"చూద్దాం. చివర్లో కృతజ్ఞతలుంటాయిగా." ఆయన చెడ్డగా అనలేదు. తలుపు దగ్గర చెప్పులు విడిచినంత అలవాటుగా అన్నారు.

ఆదివారం ఉదయం విశాలి అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా సంచిలో పెట్టుకుని, ముఖలింగం రోడ్డు మీద బస్సు దిగి, చేల మధ్య మట్టిదారిన నడిచింది. ఊడ్పులు అయిపోయిన మళ్ళల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. గట్ల మీద గలిజేరు పాకి ఉంది, ఎవరికీ అక్కర్లేనట్టు, తొక్కుకుంటూ పోవడానికే ఉన్నట్టు.

జగ్గమ్మ ఇంటి ముందు ఆమె కోడలు ధనలక్ష్మి చేటలో బియ్యం చెరుగుతోంది. విశాలిని చూసి లేవలేదు.

"కాలేజీ నుంచి గదా? రండి. మా అత్తని ఏటన్నారో మీకే ఎరక. బుధవారం వొచ్చిన కాడ్నుంచి ముద్ద ముట్టుకోడం నేదు. అడిగితే మాట్లాడదు. కూడు పెడితే కంచం ముందు కూకుని అలగే సూస్తాది."

"పిలుస్తావా అక్కా?"

"పిలిచేదేటి, పెరట్లో ఉన్నాది."

పెరట్లోకి అడుగుపెట్టగానే విశాలి చూసింది. కంచె గుంజకి నల్లటి కుండ ఒకటి బోర్లించి ఉంది. మూతి దగ్గర చెయ్యి ఆనిన చోట నున్నగా, మిగతా ఒళ్ళంతా మసి. అలాంటి కుండని ఎవరూ కంచెకి బోర్లించరు. వంటింటి మూల చుట్టకుదురు మీద ఉండవలసిన కుండ అది. కింద మట్టి మీద తెల్లగా, చారలు చారలుగా ఏదో ఎండి ఉంది. కోడి ఒకటి ఆ చారల్ని పొడుస్తోంది.

జగ్గమ్మ గోడవార కూర్చుని గోగునార పురి పేనుతోంది. తొడ మీద అరచెయ్యి ఒక్కసారి ముందుకి లాగితే జానెడు తాడు వస్తుంది. విశాలిని చూడగానే ఆ చెయ్యి ఆగిపోయింది. లేవబోయి, లేవలేక, గోడ పట్టుకుంది.

"పాపా," అంది. గొంతు పీలగా ఉంది. "ఎవులికేనా ఏటైనా అయిపోయిందా?"

విశాలికి అర్థం కాలేదు. "ఎవరికి అత్తా?"

"నా ఆకు తిన్నోళ్ళకి. ఆ బాబు అన్నాడు గదా, పేనాలు పోతాయని. నాలుగు రోజులై లెక్కెట్టుకుంతన్నాను. రెండేళ్ళు తెచ్చినాను. ఎంతమంది తినుంటారు? సిన్నపిల్లలు ఉన్నారేటి ఆళ్ళల్లో? అది సెప్పడానికే వొచ్చినావా పాపా? దాయకు. సెప్పీ."

కోడి మట్టి పొడుస్తూనే ఉంది. విశాలి చేతిలో సంచి నేల మీద పెట్టింది. లోపల ఖాళీ డబ్బా బోలుగా చప్పుడు చేసింది.

"ఎవరూ తినలేదత్తా."

"ఆ?"

"ఎవరికీ పెట్టలేదు. మందు ఇంకా అవలేదు. మందు అవ్వాలంటే ఇంకా చానా ఏళ్ళు పడతాది. నువ్వు తెచ్చిన ఆకు పొడి చేస్తాం, సారం తీస్తాం, రంగు చూస్తాం, రాసుకుంటాం. అంతే."

"రాసుకున్నాక?"

"పారబోస్తాం."

జగ్గమ్మ ఆమె మొహంలోకి చూసింది, అబద్ధమేమోనని వెతుకుతున్నట్టు. తర్వాత ఒళ్ళంతా ఒక్కసారిగా వదులైంది. "ఓలమ్మ... ఓలమ్మో..." అంటూ గోడకి జారబడిపోయింది. కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముఖలింగం గుడి ఉన్న దిక్కుకి ఎత్తింది. "తిననేదు. ఎవులూ తిననేదు."

ఆ తర్వాత కళ్ళు తెరిచింది. చూపు మెల్లగా కంచె మీదికి వెళ్ళింది, కుండ మీదికి. అక్కడే నిలిచిపోయింది.

"మరైతే," అంది జగ్గమ్మ, "నానెందుకు పారబోసీసినాను?"

విశాలి ఖాళీ డబ్బా ఉన్న సంచిని వెనక్కి జరిపింది.

"బుధవారం రాగానే పారబోసీసినాను. కడిగీసినాను. బూడిదెట్టి తోమి, మళ్ళీ ఏడినీళ్ళతో కడిగినాను. పేనాలు పోతాయన్నారు గదా. పిల్లలున్న ఇల్లు గదా." జగ్గమ్మ మాటలు ఎవరితోనో కాకుండా కుండతో చెప్తున్నట్టున్నాయి. "మా అత్త సచ్చిపోయే ముందు నా సేతిలో ఎట్టింది. తరవాణి కుండ ఖాళీ సెయ్యకూడదే, రోజూ గంజి పొయ్యడం మానకూడదే అంది. ముప్పై ఏళ్ళు ఖాళీ సెయ్యనేదు. పురుటికి ఎల్లినా ఎవులికో ఒకలికి అప్పసెప్పి ఎల్లీదాన్ని."

సంచిలో ఫోను మోగింది. చంద్రశేఖరం గారు. విశాలి అక్కడే, జగ్గమ్మ వింటుండగానే ఎత్తింది.

"దొరికిందా విశాలీ?"

"లేదండి. పారబోసేశారు."

"పారబోసిందా? ఎందుకు?"

"ప్రాణాలు పోతాయని మనం చెప్పాం కదండి."

అవతల నుంచి ఊపిరి వినిపించింది. రాగం లేదు. "సరే. ఇంకెవరింట్లోనైనా అడుగు. పల్లెటూళ్ళో ఇది లేని ఇల్లుంటుందా?"

"ఎవులింటా నేదు పాపా," అంది జగ్గమ్మ, ఫోను మాట వినిపించి. "గేసు పొయ్యిలొచ్చినాక అందరూ మానీసినారు. నాదొక్కటే."

"ఎవరింట్లోనూ లేదండి. ఇదొక్కటే ఉండేది."

"మరి బుధవారం కమిటీకి ఏం చూపిస్తాం? ఏం చెప్తాం?"

విశాలి కుండ వైపు చూసింది. ఆ రోజు ల్యాబ్‌లో గొంతు దాకా వచ్చి ఆగిపోయిన మాట ఇప్పుడూ అక్కడే ఉంది. జిలలా ఉంది.

"జరిగింది చెప్తానండి. పద్ధతి జగ్గమ్మది. మనకి తెలియక కల్తీ అన్నాం. ఆ మాట రాసింది నేనేనండి, అదీ చెప్తాను."

"విశాలీ, ఒకసారి ఆలోచించుకో. నీ రెండేళ్ళు..."

"ఆలోచించానండి."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వచ్చింది. బుధవారం ఏమవుతుందో ఆమెకి తెలియదు. అట్టపెట్టె కళ్ళముందు కనబడింది. బస్సు దిగడం కూడా కనబడింది. కనబడనిచ్చింది.

సంచిలోంచి ల్యాబ్ పుస్తకం తీసి మట్టి అరుగు మీద కూర్చుంది. ల్యాబ్ పుస్తకంలో తప్పు రాస్తే చెరపకూడదు, పేజీ చింపకూడదు. ఒకే ఒక్క గీత కొట్టాలి, కింద మాట చదవడానికి వీలుగా. పక్కన సంతకం, తేదీ పెట్టాలి. ఆమె 'కల్తీ' మీద ఒక గీత కొట్టింది. కింద మాట స్పష్టంగా కనబడుతూనే ఉంది. ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది. సంతకం పెట్టింది.

"ఏటి రాస్తన్నావు?"

"నువ్వు చెప్పింది. మొదట్నుంచి చెప్పత్తా. అలాగే రాస్తాను. నీ పేరుతోనే."

"నా పేరెందుకే?" అంది జగ్గమ్మ. అని, కంచె మీది కుండ వైపు చూసి, "జగ్గమ్మ అంటే ఊళ్ళో నలుగురున్నారు. మా అత్త పేరు రాయి. దాలమ్మ. ఆవిడదే గదా కుండ" అంది.

విశాలి రెండు పేర్లూ రాసింది.

లోపల ధనలక్ష్మి గంజి వారుస్తున్న వాసన వచ్చింది. జగ్గమ్మ గోడ పట్టుకుని లేచి, కంచె దగ్గరికెళ్ళి, కుండని రెండు చేతులతో గుంజ మీంచి ఎత్తింది. లోపలికి తొంగి చూసి, వేలితో అడుగున రుద్ది, వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా తగిలినట్టు లేదు. అంత బాగా తోమింది. వంటింటి మూల చుట్టకుదురు మీద కుండ కూర్చోబెట్టింది. కోడలి చేతిలోంచి గిన్నె అందుకుని, పొగలు కక్కుతున్న గంజిని కాస్త చల్లారనిచ్చి, అంచు వెంట మెల్లగా పోసింది.

"ఎన్ని రోజులకి అవుతాది అత్తా?" విశాలి గుమ్మంలో నిలబడి పెన్ను పట్టుకుంది.

జగ్గమ్మ కుండ కడుపు మీద అరచెయ్యి ఆనించి, వేడి చూసింది.

"పులుపంటే నాల్రోజులకి వొస్తాది. అత్త కుండ పులుపు వొస్తాదో రాదో నాకేటి తెలుసు పాపా?" అంది. "నానెప్పుడూ మొదలెట్టనేదు గదా."

విశాలి ఆ మాట కూడా రాసుకుంది.